చంద్రుడి కిటికీలు, జెలీ తాళంచెవి

వెర్నాక్ ఊళ్లో మనుషులు రెండు రకాలు. ఇంట్లో రాయి ఉన్నవాళ్లు, రాయి లేనివాళ్లు. చదువు సంధ్యలు, పొలం పుట్ర, మంచితనం, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు. రాయంటే వీధిలో దొరికే రాయి కాదు. రెండు వందల ఏళ్ల కిందట విప్లవం వచ్చి మఠంలోని సన్యాసులను తరిమేసినప్పుడు, ఊరి పెద్దమనుషులు ఎడ్లబళ్లు కట్టుకుని వెళ్లి రక్షించి తెచ్చుకున్న రాయి. పక్క ఊళ్లవాళ్లు దీన్ని దొంగతనం అంటారు. వాళ్లకు రాళ్లు దక్కలేదు కనుక అలాగే అంటారు మరి.

గోడల్లో కలిసిపోయిన మామూలు రాళ్లను ఎవరూ పట్టించుకోరు. లెక్కలోకి వచ్చేవి ఏడే. జానెడు మందం, నడుమ గుండ్రటి కన్నం, నున్నటి అంచులు. వీటిని చంద్రుడి కిటికీలు అంటారు. సన్యాసులు ఆ కన్నాల్లోంచి చంద్రుణ్ని చూసి ఈస్టర్ ఏ రోజో తేల్చేవారట. ఆ ఏడు రాళ్లూ ఏడిళ్లలో ఉన్నాయి. ఆ ఏడిళ్లవాళ్లు కలిసి రాళ్ల సంఘం పెట్టుకున్నారు. మఠానికి మిగిలిన మొండిగోడల మీదా, చాపెల్ అనే చిన్న ప్రార్థన గది మీదా పెత్తనం వాళ్లదే.

రాళ్లకు మర్యాదలు కూడా ఉన్నాయి. ఆగస్టు పండుగనాడు ఫాదర్‌గారు ఏడిళ్లకూ తిరిగి వాటి మీద పవిత్రజలం చల్లుతారు. రొట్టెల కసిమీర్ తన రాయిని కొట్టు గోడలో నిలబెట్టించాడు. పండుగ రొట్టెను ఆ కన్నంలోంచే జనానికి అందిస్తాడు, తింటే ఏడాదంతా కడుపు నొప్పి రాదని. ఇక పెళ్లికూతుళ్ల సంగతి. పెళ్లినాటి పొద్దున పిల్ల ఏదో ఒక రాయి ఇంటికి వెళ్లి, ఆ కన్నంలో తల పెట్టాలి. వెనక నిలబడ్డ ఆడవాళ్లు "చంద్రుడు చూశాడు, చంద్రుడు చూశాడు" అనాలి. అలా చేస్తే మొగుడు చెయ్యి జారిపోడని నమ్మకం.

జెలీకి రాయి లేదు. ఆమె తండ్రి రైలు గేటు కాపలాదారు, ఇరవై కిలోమీటర్ల అవతలివాడు. అంటే పరదేశం అన్నమాట. ఆమె కట్టుకున్న అంబ్రూవాజ్ రోడ్లు బాగుచేసే పనివాడు, అతని ఇల్లు ఇటుకల ఇల్లు. ఊళ్లో పుట్టిన పిల్లలకైతే రాయి లేకపోయినా తల పెట్టనిచ్చేవారు. జెలీ 1951లో, ఇస్త్రీ చేసిన తెల్లగౌనుతో బెసాక్‌వారి గడప దగ్గర నిలబడితే, ఆ ఇంటి పెద్దావిడ తలుపు సందులోంచి చూసి, "పొద్దున్నే ఇల్లు తుడిచాం తల్లీ, ఇంకో రోజు రా" అంది. పెళ్లి ఇంకో రోజు ఎలా వస్తుంది? జెలీ ఏడ్చుకుంటూ చర్చికి వెళ్లింది. "చంద్రుడు చూడకపోతే పోయాడు. నేను చూస్తున్నా కదా" అన్నాడు అంబ్రూవాజ్. ఆ మాట మీద ముప్ఫై ఆరేళ్లు కాపురం చేశారు. సూపులో ఉప్పు గురించి తప్ప పోట్లాడుకున్నది లేదు. కన్నంలో భుజాలదాకా తల దూర్చిన బెసాక్‌వారి అమ్మాయి ఒర్తాన్స్ మొగుడు మాత్రం మూడో ఏడాదే టోపీలమ్మే ఆవిడతో తులూజ్ పట్నానికి చెక్కేశాడు. ఈ మాట ఊళ్లో ఎవరూ పైకి అనరు, ఒర్తాన్స్ రాళ్ల సంఘానికి అధ్యక్షురాలు కనుక.

జెలీ చేతికి మఠం తాళంచెవి వచ్చింది కూడా విచిత్రంగానే. 1965లో పాత కాపలాదారు పోయాడు. చాపెల్ నిండా పావురాల రెట్టలు. ఏడిళ్లలో ఏ ఒక్కరూ చీపురు పట్టలేదు. సంఘం నియమం ప్రకారం తాళంచెవి రాయి ఇంటివాళ్ల దగ్గరే ఉండాలి. కానీ నియమం రెట్టలు ఎత్తిపోయదు కదా. తగిన మనిషి దొరికేదాకా అని జెలీకి ఇచ్చారు. ముప్ఫై ఒక్క ఏళ్లు గడిచినా తగిన మనిషి దొరకలేదు. జానెడున్నర పొడవున్న ఆ ఇనప తాళంచెవిని ఆమె నడుముకు కట్టుకుని తిరిగేది. అంబ్రూవాజ్ పోయాక ఆ బరువే ఆమెను నిలబెట్టింది. అది లేకపోతే తాను రోడ్డు పక్క ఇటుకల ఇంట్లో ఉండే ఒక ముసలమ్మ, అంతే. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అందుకే దాన్ని పోగొట్టుకోవడమంటే ఆమెకు చావంత భయం.

ఆ భయం 1996 జూన్‌లో నిజమయ్యే రోజు వచ్చింది. ఒర్తాన్స్ రొట్టెల కొట్లో నలుగురి ముందూ ప్రకటించింది.

"జెలీ, నీకో శుభవార్త. ఇక నువ్వు విశ్రాంతి తీసుకోవచ్చు."

"నేను అలిసిపోయానని ఎవరన్నారు, మదామ్?"

"ఎవరో అనాలా? అరవై ఏడొచ్చాయి నీకు. మా మేనకోడలు బెనెదిక్త్ పర్యాటకం చదువుకుని వచ్చింది. పట్నం నుంచి నిపుణుడొస్తున్నాడు, మా రాళ్లను పరీక్షించి కాగితం ఇస్తాడు. ఆ కాగితం వచ్చాక సందర్శకులు వస్తారు. వాళ్లకు మఠం చూపించడానికి కాస్త చదువుకున్న మనిషి ఉండాలి. పైగా నియమం నీకు తెలియంది కాదు."

"ముప్ఫై ఒక్క ఏళ్లూ నియమం నిద్రపోయిందా, మదామ్?" అన్నాడు కసిమీర్ రొట్టె చుడుతూ.

"నువ్వు రొట్టె సంగతి చూసుకో, కసిమీర్. కింద మాడింది."

కాగితం రాగానే సంఘం సమావేశం, ఆ రోజే తాళంచెవి చేతులు మారడం. జెలీ రొట్టె తీసుకుని ఇంటికొచ్చింది. ఆ పూట సూపులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది, వేయలేదని గుర్తుచేసేవాడూ లేడు.

నిపుణుడి పేరు పెలిస్యే. సన్నగా, పొడుగ్గా, పుప్పొడి పడక ఎప్పుడూ తుమ్ముతూ ఉండే మనిషి. ఒర్తాన్స్ ఆయన్ని ఏడిళ్లకూ తిప్పింది. ఇంటింటికీ ఓ గ్లాసు వాల్‌నట్ వైన్. జెలీ వెనకాలే నడిచింది, చివర్లో చాపెల్ తెరవాలి కనుక. బెసాక్‌వారి రాయి పొయ్యి పైన గోడలో ఉంది. దాని వెనక గూట్లో దీపం.

పెలిస్యే వేలితో అంచు తడిమాడు. "కిటికీ అయితే ఈ ముందు వైపు చీలిక దేనికండీ?"

"వెన్నెల దిగే దారి" అంది ఒర్తాన్స్, పుట్టినప్పటి నుంచీ తెలిసినదానిలా.

"మరి ఈ ఒక్క వైపే ఇంత నున్నగా ఎలా అరిగింది?"

"భక్తితో."

"భక్తితో" అని పుస్తకంలో రాసుకుని, పెలిస్యే తుమ్మాడు. ఏడో గ్లాసు అయ్యేసరికి ఆయన కాళ్లూ, అనుమానాలూ రెండూ తడబడుతున్నాయి. చాపెల్ దగ్గరికి వచ్చేసరికి ఒర్తాన్స్ మధ్యాహ్నం కునుక్కి ఇంటికెళ్లింది. జెలీ తలుపు తెరిచింది. ఆయన లోపల ఓ బల్ల మీద కూలబడి, పుస్తకం మూసి, దాదాపు లేచి వెళ్లిపోబోయాడు. అంతలో ఏదో తోచి అడిగాడు.

"మదామ్, ఈ రాళ్లు మఠంలో ఏ భాగంలోవో మీకేమైనా తెలుసా?"

ముప్ఫై ఒక్క ఏళ్లలో మఠం గురించి జెలీని ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. మిగిలినవాళ్లంతా ఆమెకు చెప్పేవాళ్లే.

ఆమెకు తెలుసు. పన్నెండేళ్ల కిందట వాగు పొంగి, సన్యాసుల పడకల హాలు వెనక గోతిలో బురద నిండితే, పార పట్టుకుని ఎత్తింది ఆమే. బురద కింద ఒక పొట్టిగోడ, దాని మీద విరిగిన పలక ఒకటి బయటపడ్డాయి. సగం కన్నం, ముందు చీలిక, కింద వాగులోకి దిగే కాలువ. చూడగానే అర్థమైంది. నాన్న రైలు గేటు గుడిసె వెనక కూడా అలాంటిదే ఉండేది. అక్కడ చెక్క, ఇక్కడ రాయి, పని మాత్రం ఒక్కటే.

అప్పటి నుంచీ ఆమె ఎవరితోనూ అనలేదు. ఇంటికో ముచ్చట, మనకెందుకు అనుకుంది. అయితే ఆగస్టు పండుగనాడు కసిమీర్ కన్నంలోంచి రొట్టె అందిస్తే మాత్రం ఇంటికి తీసుకెళ్లి కోళ్లకు వేసేది.

ఇప్పుడు చెప్పకపోతే పెలిస్యే కిటికీలనే రాస్తాడు, తాళంచెవి బెనెదిక్త్‌కు పోతుంది. చెబితే ఏడిళ్లూ తన మీద పడతాయి, తాళంచెవి ఎలాగూ పోతుంది. ఎటు చూసినా పోయేదే. అడిగినవాడికి అబద్ధం చెప్పి పోగొట్టుకోవడం కన్నా ఇదే మేలనిపించింది.

"చేతులకు గుడ్డ చుట్టుకోండి. దురదగొండి ఉంది అక్కడ" అంది.

వెర్నాక్‌లో దురదగొండి ఇంకెక్కడా ఆ ఎత్తున పెరగదు. ఎందుకు పెరుగుతుందో కూడా జెలీకి తెలుసు. పెలిస్యే గోతి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, విరిగిన పలక చూసి, కాలువలోకి తొంగి చూసి, మెల్లిగా లేచాడు. ఆయన కళ్లలో నీళ్లు. పుప్పొడి వల్లో, ఆనందం వల్లో చెప్పలేం.

"పీటలు! మదామ్, ఇవి సన్యాసుల మరుగుదొడ్డి పీటలు. ఎనిమిది మంది కూర్చునే వరస. ఇంత పూర్తిగా దొరకడం నా ఉద్యోగంలో ఇదే మొదటిసారి. మరి ఇవే ఎలా వెళ్లాయి ఏడిళ్లకూ?"

"ఇది వాగు వైపు కదా, బండి నేరుగా వస్తుంది. కాపలా ఉండేది ముందు వైపు. చేతికందింది పట్టుకెళ్లారు. తెచ్చినవాడికి తెలిసే ఉంటుంది, పెళ్లానికి ఏం చెప్పాడో ఏమో."

"అయితే ఆ అరుగుదల..."

"భక్తితో కాదు" అంది జెలీ.

"ఊళ్లో ఇంకెవరికైనా తెలుసా?"

"చంద్రుడికి తెలుసు."

పెలిస్యే అంతలా నవ్వుతాడని ఆమె అనుకోలేదు. నవ్వీ నవ్వీ దురదగొండిలో కూర్చుండిపోయాడు, మరుక్షణం అరుస్తూ లేచాడు. జెలీ వెనిగర్ తెచ్చి ఇచ్చింది.

మూడు వారాలకు కాగితం వచ్చింది. పంచాయితీ హాలు కిటకిటలాడింది. ముందు వరసలో ఏడిళ్లవాళ్లు, నడుమ నీలం పట్టు స్కార్ఫులో ఒర్తాన్స్, ఆమె పక్కన బెనెదిక్త్, చేతిలో సందర్శకుల కోసం రాసుకున్న ఉపన్యాసం. జెలీ వెనక గోడకు ఆనుకుని నిలబడింది. మేయర్ ప్రోస్పేర్ ఏ కాగితాన్నీ ముందుగా చదివే అలవాటు లేని మనిషి. కవరు అందరి ముందూ చించి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"'వెర్నాక్ మఠానికి చెందిన ఏడు రాతి పలకలను పరిశీలించిన మీదట, ఇవి అత్యంత అరుదైన, అమూల్యమైన...'" ఆగి, హాలంతా గర్వంగా చూశాడు. ఒర్తాన్స్ స్కార్ఫు సర్దుకుంది. "'...సన్యాసుల సామూహిక మరుగుదొడ్డి పీటలని నిర్ధారించడమైనది.'"

మేయర్ కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చదివాడు. కాగితంలో మార్పేమీ లేదు.

ఫాదర్‌గారు తన చేతి వంక చూసుకున్నారు, ఎన్నేళ్లుగా పవిత్రజలం చల్లిన చేతి వంక. కసిమీర్ పెళ్లాం కసిమీర్ వంక చూసింది. ఎవరో ఆవిడ నీరసంగా అంది, "మా ముగ్గురు ఆడపిల్లలూ పెట్టారు తలలు." ఇంకో ఆవిడ, "నేను కళ్లు కూడా మూసుకోలేదు, చంద్రుడు కనిపిస్తాడేమోనని" అంది. ఒక్కొక్కరే లెక్క వేసుకుంటూ వెనక్కి తిరిగారు. హాలులో పెళ్లయిన ఆడవాళ్లందరిలోనూ తల శుభ్రంగా మిగిలింది ఒక్క జెలీకే.

"ఆయన్ని ఆ గోతి దగ్గరికి తీసుకెళ్లిందెవరు?" అంది ఒర్తాన్స్. ఆమె గొంతు చన్నీళ్లలా ఉంది.

"నేనే, మదామ్."

"ఎందుకు?"

"అడిగాడు."

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"పన్నెండేళ్ల నుంచి."

"పన్నెండేళ్లు మా వెనక నవ్వుకుంటూ తిరిగావన్నమాట."

"నవ్వలేదు మదామ్. అబద్ధమెందుకు, ఒకటి రెండు సార్లు నవ్వాను."

ఒర్తాన్స్ మొహం తిప్పుకుని మేయర్ వైపు చూసింది. జెలీకి అదే తీర్పులా తోచింది. ఆమె నడుము దగ్గర ముడి విప్పింది. ముడి ఓ పట్టాన రాలేదు. తాళంచెవిని మోసుకెళ్లి మేయర్ ముందు బల్ల మీద పెట్టింది. ఏడవకూడదని పళ్లు బిగించి, తలుపు వైపు తిరిగింది.

"అది సరేగానీ" అన్నాడు కసిమీర్, అప్పటిదాకా గడ్డం గోక్కుంటూ ఏదో ఆలోచిస్తున్నవాడు. "మఠాధిపతి కూర్చున్నది ఏది?"

ఏడిళ్లవాళ్ల వెన్నులూ ఒక్కసారి నిటారయ్యాయి.

"మాదే అయ్యుంటుంది, కన్నం పెద్దది" అన్నాడు ఒకాయన.

"కన్నం పెద్దదైతే మఠాధిపతా? వంటవాడు అయ్యుంటాడు. మఠంలో లావెక్కేది వాళ్లే."

"మాది అన్నిటికన్నా నున్నగా ఉంటుంది. పెద్దవాళ్లే ఎక్కువసేపు కూర్చుంటారు."

"మీ తాత దాన్ని గరుకు కాగితంతో రుద్దాడు, నేను చూశాను."

ఒర్తాన్స్ లేచింది. హాలు సద్దుమణిగింది. "ఎందుకీ గోల? మా రాయికే చీలిక అందంగా చెక్కి ఉంది. ఒక మామూలు సన్యాసి కోసం అంత శ్రద్ధగా చెక్కుతారా ఎవరైనా?" అంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఇదే. కిటికీ పోయినా సింహాసనం దక్కాలి.

ఫాదర్‌గారు మాత్రం ఏ పీట ఎవరిదైనా తాను ఇకపై దూరం నుంచే చల్లుతానన్నారు. అప్పుడు మేయర్ కాగితం చివర మిగిలిన నాలుగు వాక్యాలూ చదివాడు. ఎనిమిదో పీట సగం ముక్క గోతిలో దాని అసలు చోటులోనే ఉందట. వరస ఎలా ఉండేదో సందర్శకులకు చూపించాలట. ఆ వివరాలు ప్రస్తుతం తాళంచెవి ఉన్న మదామ్ జెలీకి తప్ప ఎవరికీ తెలియవట.

అందరూ బెనెదిక్త్ వైపు చూశారు. ఆ పిల్ల ఉపన్యాసాన్ని నాలుగు మడతలు పెట్టింది. "నేను చంద్రుడి గురించి రాసుకొచ్చాను అత్తయ్యా. దీని గురించి నేను పట్నంవాళ్ల ముందు నిలబడి మాట్లాడలేను. పైగా దురదగొండి."

"అయితే నియమం?" అన్నాడు మేయర్. "రాయి ఇంటివాళ్లే..."

"ఎనిమిదో రాయి ఆమె చూసుకుంటున్న గోతిలోనే ఉందిగా" అన్నాడు కసిమీర్. "అరరాయైనా రాయే." అంటూ బల్ల మీది తాళంచెవి తీసి జెలీ చేతిలో పెట్టి, చెవి దగ్గర, "మఠాధిపతిది మా పీటేనేమో కాస్త గుర్తు చేసుకో తల్లీ" అన్నాడు.

చేతులెత్తమన్నారు. ఏడిళ్ల చేతులూ లేచాయి, ఏ చెయ్యి ఎందుకు లేచిందో జెలీకి తెలియక కాదు. ఒర్తాన్స్ చెయ్యి అన్నిటికన్నా చివర, భుజం దాకా మాత్రమే లేచింది. జెలీ తాళంచెవిని మళ్లీ నడుముకు కట్టుకుంది. ఈసారి ముడి వెంటనే పడింది. ఇంటికి వెళ్లేదాకా ఆపుకుని, గుమ్మంలో అడుగుపెట్టగానే బావురుమంది. సంతోషంతోనే.

మర్నాడు జెలీ మఠానికి వెళ్లేసరికి ఒర్తాన్స్ తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతులకు తోలు తొడుగులు, జేబులో దర్జీ టేపు.

"తియ్యి. అందరూ రాకముందే చూడాలి" అంది.

జెలీ తీసింది. ఇద్దరూ గోతి దగ్గరికి వెళ్లారు. పొట్టిగోడ మీద ఒక్కో పీట ఆనిన గాడి ఇంకా కనిపిస్తూనే ఉంది. ఒర్తాన్స్ డెబ్బై ఆరేళ్ల మోకాళ్లు వంచి, ఎనిమిదింటినీ కొలిచింది. మళ్లీ వెనక నుంచి కొలిచింది.

"అన్నీ ఒకే కొలత" అంది చివరికి.

"అవును మదామ్."

"మఠాధిపతికి వేరుగా లేదా?"

"ఉంటే ఇంకెక్కడో ఉండేదేమో. ఇక్కడ మాత్రం అందరూ ఒకే వరస. గౌను ఎత్తి కూర్చున్నాక ఎవరు ఎవరో ఏం తెలుస్తుంది?"

ఒర్తాన్స్ మూతి బిగించింది. తర్వాత ఆ మూతి ఒక మూల కదిలింది. ఆమె నవ్వు ఆపుకోవడం జెలీ ఎన్నడూ చూడలేదు, ఆపుకోలేకపోవడం అసలే చూడలేదు. ఇద్దరు ముసలమ్మలూ గోడ పట్టుకుని, నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకున్నారు.

"కసిమీర్‌కు చెబుతావా ఇది?"

"అడిగితే చెబుతాను."

"అడక్కుండా నేను చూసుకుంటాలే." ఒర్తాన్స్ తొడుగులు పైకి లాక్కుని ఒక దురదగొండి మొక్కను వేళ్లతో సహా పెరికింది. పనివాళ్లను పెట్టే మనిషి, పనికి కొత్త. అయినా ఇంకోటి పెరికింది. "ఆదివారానికి జనం వస్తారు. ఇదంతా శుభ్రం చెయ్యాలి. నువ్వొక్కదానివే ఎన్ని పీకుతావు?"

ఎండెక్కేదాకా పీకారు. సగం కూడా కాలేదు. జెలీ తలుపు మూసి తాళం వేస్తుంటే ఒర్తాన్స్ పక్కనే నిలబడి, గౌను దులుపుకుంటూ అంది, "రేపు ఏడింటికే తియ్యి. చల్లగా ఉంటుంది."

"ఎనిమిదింటికి, మదామ్" అంది జెలీ.

ఒర్తాన్స్ ఏదో అనబోయి, ఆమె చేతిలోని తాళంచెవి వంక చూసి, "సరే, ఎనిమిదింటికే వస్తాను" అంది.